పూజలో చదివిన పేరు

నాలుగింటికి అమ్మ వస్తుంది. అమ్మ వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాక నేను బయటికి వెళ్లి స్కూలుకి ఫోన్ చేయాలి. మా అమ్మాయి గ్రెటాని అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసులో వేయాలా వద్దా, అవుననో కాదనో చెప్పాలి. నాలుగున్నరకి వాళ్ల ఆఫీసు మూసేస్తారు, ఈ రోజు దాటితే ఏడో తరగతికి ఇక ఆ తలుపు తెరవరు. అంతవరకు నేను కదలడానికి లేదు. బలిపీఠం మీద బంగారు కిరణాల నడుమ, గాజు వెనక, తెల్లని అప్పంగా ప్రభువు ఉన్నాడు, ఆయన్ని ఒంటరిగా వదలకూడదు, రాత్రనక పగలనక మా విచారణలో, అంటే ఈ గుడికి చెందిన కుటుంబాల్లో, ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. బుధవారం మూడింటి గంట నాది, దాని తర్వాతి గంట అమ్మది. బూట్లకి అంటుకున్న మంచు కరిగి నేల మీద చిన్న మడుగు కట్టింది. ఆరాధన గదిలో హీటరు టిక్కుమంటోంది. కోటుకి గ్యాస్ వాసన వేస్తోంది, పొద్దుట్నుంచి పొలాల్లో ఇళ్లకి గ్యాస్ నింపుతూ తిరిగిన వాసన, మా ఆవిడ రెనే అయితే ఆ కోటు గరాజులోనే విప్పించేది, ఇక్కడ ఆయన ఏమీ అనడు. జపమాల తీశాను. పరలోక జపం పెదవుల మీద దానంతటది నడుస్తోంది, కింద మనసు దాని దారిన అది పోతోంది. అనుదిన ఆహారం అనే చోటికి వచ్చేసరికి అల్పాహారం బల్ల, బల్ల దగ్గర రెనే, రెనే ముఖం. నర్సింగ్ హోము యూనిఫాం వేసుకుని, తాళాలు చేతిలో పట్టుకుని, తలుపు సగం తీసి అంది: "నావల్ల కాదు డ్యారిన్. నెలరోజుల్నుంచి అటూ ఇటూ లాగి లాగి నా బుర్ర వేడెక్కిపోయింది. నువ్వే తేల్చెయ్. నువ్వేమన్నా నేను సరేనంటాను, తర్వాత ఒక్క మాట అనను." ఒక్క మాట అనదట. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాట నేను నమ్ముతానని ఎలా అనుకుందో.

గ్రెటా మాత్రం ఒక్కటే అడిగింది. పొద్దున ట్రక్కులో స్కూలుకి దింపుతుంటే, మోకాళ్ల మీద బ్యాగు, బ్యాగు మీద సగం తిన్న రొట్టె, కిటికీ బయట పొలాల్లో మంచు మచ్చలు మచ్చలుగా విడిపోయి నల్లమట్టి తేలుతోంది, అది చూస్తూ అడిగింది. "నాన్నా, ఎక్కాక నచ్చకపోతే దిగిపోవచ్చా?" నేను గేరు మార్చాను. ముందు పాలట్యాంకరు పోతోంది, దాన్ని దాటాలా వద్దా అని చూస్తున్నట్టు నటించాను. అది రెండోసారి అడగలేదు, రొట్టె తినడం మొదలుపెట్టింది. ఎక్కాలని ఉందా అని నేనూ అడగలేదు. నెల నుంచి రెనే, నేను దాని గురించి వంటింట్లో, కారులో, మంచం మీద మాట్లాడుకుంటూనే ఉన్నాం, అది గదిలోకి రాగానే వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం. మరియ తల్లీ, పన్నెండేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నకి నలభై ఆరేళ్ల మనిషి పాలట్యాంకరు వెనక దాక్కున్నాడు. మా కాలంలో ఇవేవీ లేవు. అందరికీ ఒకటే లెక్కలు, ఒకటే మాస్టారు, సుద్దముక్క విసిరేవాడు, గురి బాగా ఉండేది. రానివాళ్లు రానివాళ్లే, వచ్చినవాళ్లు వచ్చినవాళ్లే, ఎవరినీ ఎక్కడికీ ఎక్కించలేదు, దించలేదు.

కౌన్సిలరు హాల్వర్సన్ మేడమ్ మంచి మనిషే. లూథరన్ సంఘం ఆవిడ, మా కతోలిక ఊళ్లో వాళ్లు నలుగురైదుగురు ఉంటారు, మా గుడి శుక్రవారం చేపల విందుకి మాత్రం మాకంటే ముందు వచ్చి వరుసలో నిలబడుతుంది. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో తెరమీద బొమ్మలు వేసి చూపించింది, చిన్నప్పుడే అడ్వాన్స్‌డ్ తీసుకున్న పిల్లలు హైస్కూల్లో ఆనర్స్ అనే పైస్థాయి క్లాసుల్లో ఎక్కువమంది నిలబడుతున్నారని, బాగా చేస్తున్నారని. గ్రెటా సరిగ్గా గీత మీద ఉందని, ఇటూ అనలేం అటూ అనలేమని, ఇలాంటప్పుడు స్కూలు ఒత్తిడి చేయదని, ఇంట్లోవాళ్ల ఇష్టమని. వెనక వరుసలోంచి ఎవరో అడిగారు, ఆ క్లాసు వల్ల నిలబడుతున్నారా, నిలబడే పిల్లల్నే ఏరి ఆ క్లాసులో వేస్తున్నారా అని. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నిజం చెప్పాలంటే, ఆ రెండూ విడదీయడం మాకూ కష్టమేనండి" అంది. ఆ ఒక్క మాటకి ఆవిడ మీద గౌరవం పెరిగింది. కానీ ఇంటికొచ్చాక ఆ మాట ఎందుకూ పనికిరాలేదు. గుళ్లో ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లు ముందు కూర్చోబట్టి భక్తులయ్యారా, భక్తులు కాబట్టి ముందు కూర్చున్నారా. మా విచారణలో ఆ చిక్కు లేదులే, అందరం వెనకే కూర్చుంటాం, ముందు మూడు బెంచీలు పూజ చేసే గురువుగారు ఎన్నిసార్లు బతిమాలినా ఖాళీయే. రెనే చెల్లెలి కూతురు తెరేసా ఏ అడ్వాన్స్‌డూ చదవలేదు. తొమ్మిదిలో ఆనర్స్‌లో చేరి మొదటి నెలంతా రాత్రిళ్లు ఏడ్చింది, ఇప్పుడు హాయిగా ఉంది. అది చెప్తే రెనే అంది, "ఆ నెల ఏడుపు నీకు లెక్కలోకి రాదా?" వస్తుంది. అది ముందే చదివుంటే ఆ నెల ఏడ్చేది కాదేమో. ముందే చదివిన వాళ్లు తర్వాత ఎప్పుడు ఏడుస్తారో మాత్రం తెరమీద బొమ్మల్లో లేదు.

ఎందుకంటే మా పెద్దాడు జోయెల్ ఉన్నాడు. పక్కకి ఎంత తిప్పినా మనసు వాడి దగ్గరికే వస్తోంది. వాడు ఐదో తరగతిలో ఉండగా అడ్వాన్స్‌డ్ లెక్కలకి ఎంపికయ్యాడు, మా ఇంట్లో మొదటివాడు. ఆ రోజు అమ్మ మా వంటింట్లో కుర్చీలో కూలబడి ఏడ్చింది. మా నాన్న ఎనిమిదితో బడి మానేసి పాలపశువుల దగ్గరికి పోయినవాడు, అది గుర్తొచ్చి ఉంటుంది. మర్నాడు విచారణ ఆఫీసుకి వెళ్లి కృతజ్ఞతా పూజ పెట్టించింది. చచ్చిపోయినవాళ్ల కోసం పెట్టించడం, పెళ్లిరోజుకి పెట్టించడం, ఆపరేషనుకి పెట్టించడం అందరూ చేసేదే. లెక్కల క్లాసుకి పూజ పెట్టించింది మాత్రం మా అమ్మ లొరెట్టా ఒక్కతే. ఆదివారం పదిన్నర పూజకి ముందు పాఠకురాలు మైకు దగ్గరికొచ్చి గొంతు సవరించుకుని చదివింది, ఈ దివ్యబలిపూజ జోయెల్ స్టాంగ్ అడ్వాన్స్‌డ్ గణితంలో చేరిన సందర్భంగా దేవునికి కృతజ్ఞతగా, నానమ్మ కోరికపై, అని. విచారణ వారపత్రికలో కూడా పడింది, ఇద్దరు మృతుల పేర్ల మధ్యలో. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. పదేళ్ల పిల్లాడు చెవులదాకా ఎర్రబడి నా కోటు వెనక దాక్కున్నాడు. నవ్వుకున్నాం, గర్వపడ్డాం, రెండూను. ఆ తర్వాత వాడు వాడు కాదు, విచారణ మొత్తానికి ప్రొఫెసరు. మెట్ల మీద కాఫీ దగ్గర, శీతాకాలం పేకాటలో, చేపల విందులో టార్టర్ సాసు వడ్డిస్తూ కూడా అడిగేవాళ్లు. "ఏం ప్రొఫెసరూ, లెక్కలు ఎంతదాకా వచ్చాయి?" "మా వాడికి కాస్త అంటించవయ్యా ఆ బుర్ర." "పేకముక్కలు నువ్వు లెక్కపెట్టకూడదోయ్, మాకు అన్యాయం." వాడు నవ్వేవాడు. మర్యాద తెలిసిన పిల్లాడు, ప్రతిసారీ నవ్వేవాడు. అడిగినవాళ్లందరూ ప్రేమతోనే అడిగారు, అందులో అనుమానం లేదు, ఆ ప్రేమే ఆదివారం ఆదివారం వాడి భుజం మీద చెయ్యేసింది.

ప్రభువా, గాజు మీద కొవ్వొత్తి వెలుగు కదులుతోంది, నువ్వు కదలవు. ఈ గంటకి పేరిచ్చిన కొత్తలో నేను ఇక్కడ అరగంట కూర్చోలేకపోయేవాణ్ణి. మోకాళ్లు, దురద, ట్రక్కులో టైరు గాలి, ఏదో ఒకటి. జపం అయిపోయేది, గంట అయ్యేది కాదు. గురువుగారితో చెప్తే, "ఏమీ జరగకపోయినా కూర్చో, అదే పని" అన్నారు. జోయెల్ సంగతి కూడా మొదట్లో నాకు అర్థం కాలేదు, ఇప్పుడైనా అర్థమైందని కాదు. పదో తరగతి ఆనర్స్‌లో, పోయిన శరత్కాలంలో, మొదటిసారి లెక్క రాలేదు. వాడు అది ఎవరికీ చెప్పలేదు. దీపం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చునేవాడు, మేం చదువుతున్నాడనుకున్నాం. అక్టోబరులో స్కూలువాళ్లు పిలిస్తే తెలిసింది. వాడు పుస్తకం మూసేసి కూర్చుంటున్నాడు, పరీక్షలో కాగితం తెల్లగా ఇచ్చేస్తున్నాడు. మామూలు క్లాసులోకి దిగాడు. దిగడం ఐదు నిమిషాల పని, మేడమ్ కంప్యూటరులో ఏదో నొక్కింది, అయిపోయింది. కానీ దిగినందుకు పూజ ఎవరు పెట్టిస్తారు, మైకులో ఎవరు చదువుతారు. కాబట్టి ఎవరికీ తెలియదు, కాబట్టి అందరూ ఇంకా ప్రొఫెసరూ అంటూనే ఉన్నారు. రెండు ఆదివారాలయ్యాక వాడు మాతో పదిన్నర పూజకి రావడం మానేశాడు. శనివారం సాయంత్రం పక్క ఊరి గుడికి ఒక్కడే కారేసుకుని పోతాడు, అక్కడ వాడి పేరు ఎవరికీ తెలియదు. వెళ్తున్నాడో లేదో కూడా నేను వెనకాల పోయి చూడలేదు. వెళ్తున్నాడనే నమ్ముతున్నాను. అమ్మ మాత్రం అడుగుతుంది, "వీడికి మన గుడి ఏం తప్పు చేసిందిరా?" అని.

అందుకే నేను వద్దనే అనుకున్నాను. నిన్న రాత్రి నుంచి, నిజానికి మొదట్నుంచీ. ఒకణ్ణి ఎక్కించి చూశాం, చాలు. కాఫీ కొట్టు దగ్గర మొక్కజొన్న రైతులు ప్రతి వసంతంలో చేసే వాదన ఇదేగా, ఎవరు ముందు విత్తితే వాడి పేరు ఊరంతా మోగుతుంది, నేల వేడెక్కకముందే యంత్రం దించుతారు, ఒక ఏడు గింజ నేలలోనే కుళ్లిపోతుంది, ఇంకో ఏడు వాళ్లకే బోలెడు పంట. ఆగి విత్తినవాడు ఎప్పుడూ నవ్వులపాలు, ఎప్పుడూ మధ్యరకం పంట. గ్రెటాని ఆపుదాం, నేల వేడెక్కనిద్దాం, తెరేసాలాగా తొమ్మిదిలో తనే ఎక్కుతుంది. అని చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ పిల్లలు మొక్కజొన్న కాదు. పొలం గట్టు మీద నిలబడి దిగిపోవచ్చా అని అడిగిన గింజని నేనెప్పుడూ చూడలేదు. ఈ మధ్య గ్రెటా హోంవర్కు లెక్కలు పావుగంటలో చేసేసి, ఆ తర్వాత కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంటోందే, అది విసుగా, ఆలోచనా. రెనే విసుగంటుంది. నేను ఆలోచన అంటాను. అడిగితే తెలిసేది. కోటు జేబులో ఫోను గిజగిజలాడింది. ఆగింది. మళ్లీ. ఇక్కడ తీయకూడదు. గోడ గడియారం చూశాను, నాలుగు దాటింది. అమ్మ రాలేదు.

అమ్మ ఆలస్యం చేసే మనిషి కాదు. మంచులో, జ్వరంలో, తుంటి ఆపరేషనయిన మూడో వారంలో కర్ర పట్టుకుని కూడా ముందే వచ్చి వెనక నిలబడేది, నా గంట అయ్యేదాకా నా మెడ వెనకాల ఆవిడ ఊపిరి వినపడేది. తలుపు అద్దంలోంచి బయట పార్కింగు చూడాలంటే లేవాలి, లేచి నాలుగడుగులు వేస్తే ఆయనకి వీపు చూపినట్టు. ఎవరు చూస్తారు. ఆయనే చూస్తాడు. ఫోను మళ్లీ. అది రెనే. చేశావా, ఏమన్నావు, ఒక్క మాట అనను. వద్దనడానికి ఫోను కూడా అక్కర్లేదని అప్పుడు తోచింది. ఇలాగే కూర్చుంటే చాలు. నాలుగున్నర దానంతటది దాటిపోతుంది, తలుపు మూసుకుంటుంది, నేనేం చేయను, దేవుణ్ణి వదిలి ఎలా రాను అని చెప్పొచ్చు. ఎంత బాగుంది, నా భయానికి ఆ గాజు వెనకున్న దివ్యసత్ప్రసాదం కాపలా. సిగ్గేసింది. జపమాల పూసలు వేళ్ల కింద తడిగా ఉన్నాయి. ప్రభువా, నువ్వు చెప్పు అని అడగలేదు, అడిగే ధైర్యం లేదు, ఎవరినైనా పంపు అని మాత్రం అడిగాను. వెనక తలుపు తెరుచుకుంది, చలిగాలి మెడకి తగిలింది, అమ్మ అనుకున్నాను. అడుగులు కర్రవి కావు.

జోయెల్. ఉన్ని టోపీ చేతిలో పట్టుకుని, మోకాలు వంచి, సిలువ గుర్తు వేసుకుని, నా పక్కన వంగాడు. గొంతు దించి మాట్లాడాడు. "అమ్మ నాకు ఫోన్ చేసింది. నువ్వు తీయట్లేదట, తిడుతోంది. గ్రెటా కారులో ఉంది. స్కూలుకి చేశావా?"

"నానమ్మ రాలేదురా. వదిలి ఎలా పోను?"

"నేనుంటా."

వాడి ముఖం చూశాను. అక్టోబరు తర్వాత ఈ గడప తొక్కలేదు, ఇప్పుడు రొట్టె కొట్టులో వరుస కాసినంత మామూలుగా అన్నాడు. నేను లేవలేదు. వాడూ తొందర పెట్టలేదు. నోట్లోంచి అదే వచ్చింది, నెల రోజుల్లో ఎవరినీ అడగనిది. "ఏం చెప్పమంటావు? దాన్ని వేయమంటావా, వద్దంటావా?"

"నన్నడుగుతున్నావా?" నిజంగా ఆశ్చర్యపోయాడు. బలిపీఠం వైపు తిరిగాడు. "ఆ క్లాసు మంచిదే నాన్నా. ఐదులో మాస్టారు ఒక లెక్కిచ్చి వారమంతా దాన్నే పట్టుకుని వేలాడనిచ్చేవాడు. ఎవరికీ రాకపోయినా ఏమనేవాడు కాదు. నా చదువులో బాగా అనిపించింది అదొక్కటే."

"మరి ఆనర్స్‌లో..."

"ఆనర్స్‌లో కూడా లెక్కలు అలాంటివే. ఆ క్లాసు లేకపోతే నెల కూడా ఉండేవాణ్ణి కాదు. కానీ అప్పటికి నేను ప్రొఫెసర్ని కదా." టోపీ అంచు పీకుతున్నాడు. "రాదని చెప్పాలంటే మీతో చెప్తే సరిపోదు, మైకులో చెప్పాలి."

హీటరు టిక్కుమంది.

"గ్రెటా ఏమంది?" అన్నాడు.

"ఎక్కాక దిగిపోవచ్చా అంది."

వాడు చప్పుడు లేకుండా నవ్వాడు, భుజాలు కదిలాయి. "నాకంటే తెలివైంది. నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పలేదు."

"పోయి చెప్పు మరి" అన్నాడు, అని నన్ను మోచేత్తో కొద్దిగా నెట్టి నా కుర్చీలో కూర్చున్నాడు.

బయట వెలుతురు కళ్లలో పొడిచింది. చూరు నుంచి మంచునీళ్లు కారుతున్నాయి. మెట్ల మీదే నిలబడి చేశాను. హాల్వర్సన్ మేడమ్ కోటు వేసుకుంటున్నట్టుంది, ఫోను భుజం మీద ఆనించినట్టు గొంతు నలిగి వచ్చింది. "హమ్మయ్య, చేశారా. చెప్పండి." ముందు నేనొకటి అడగాలన్నాను. ఎక్కాక వద్దనిపిస్తే దిగొచ్చా? "ఎప్పుడైనా దిగొచ్చండి. క్రిస్మస్ లోపలైతే ఇంకా తేలిక. ఏం, గ్రెటాకి భయంగా ఉందా?" దానికి కాదండి, మాకు, అన్నాను. ఒక్క నిమిషం లైన్లో ఉండమని కారు దగ్గరికి వెళ్లి అద్దం మీద తట్టాను. గ్రెటా అద్దం దించింది, ఒళ్లో చిప్సు పొట్లం.

"దిగొచ్చట" అన్నాను. "ఎప్పుడైనా. ఎవరికీ చెప్పక్కర్లేదు, మాకు చెప్తే చాలు. ఎక్కుతావా?"

అది నమలడం ఆపింది. "అన్నయ్య అడగమన్నాడా?"

"నేనే అడుగుతున్నాను."

"అయితే ఎక్కుతా" అంది. కాస్త ఆగి, "మొదట్లో అందరికంటే వెనక ఉంటా, చూస్కో, తర్వాత తిట్టకు" అంది. ఫోనులో మేడమ్ అంతా విన్నట్టుంది, నవ్వుతూ రాసేసుకుంటున్నానంది. ఇది మంచిదో కాదో నాకింకా తెలియదు. తెరమీద బొమ్మలకి తెలిసినంతే నాకూ తెలుసు.

ఫోను జేబులో పెట్టుకుంటుంటే విచారణ ఆఫీసు వైపు నుంచి అమ్మ వస్తోంది, బురదమంచులో కర్ర ఆనించుకుంటూ, ముఖం వెలిగిపోతూ. ఆయాసంతోనే మొదలుపెట్టింది. "ఆలస్యమైందిరా, ఏమనుకోకు, ఆ సెక్రటరీ పిల్లకి క్యాలెండరు చూడ్డమే రాదు. ఆదివారాలన్నీ నిండిపోయాయట. బతిమాలగా ఈస్టరు తర్వాతి ఆదివారం పదిన్నర పూజ ఇచ్చింది. మన గ్రెటా పేరు మీద."

"అది చేరుతుందో లేదో నీకెలా తెలుసమ్మా?"

"చేరదేం? నా మనవరాలు కాదూ."

"చేరుతోంది. పేరు తీయించు."

"ఏం మాట్లాడుతున్నావురా?"

"పూజ ఉంచు. ప్రత్యేక ఉద్దేశం అని రాయించు, పేరొద్దు."

"ప్రత్యేక ఉద్దేశమా!" అమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "స్టాంగ్ వాళ్లింట్లో ఎవరికో క్యాన్సరు వచ్చిందనుకుంటారు ఊరంతా!"

"అనుకోనీ. ఇంకా బాగా ప్రార్థిస్తారు."

"దేవుడిచ్చింది నలుగురిలో చెప్పుకుంటే తప్పేంట్రా? వాడి గురించి అప్పుడు చెప్పుకోలేదూ..." అంటూ చటుక్కున ఆగింది. నా వెనక తలుపు వైపు చూసింది. "లోపల ఎవరున్నారు? ఆయన్ని ఒంటరిగా వదిలేసి వచ్చావా?"

"జోయెల్ ఉన్నాడు."

అమ్మ మెట్లెక్కి అద్దానికి ముఖం ఆనించింది. నేనూ ఆవిడ భుజం మీదుగా చూశాను. వాడి వీపు, వంగిన మెడ, మోకాళ్ల మీద ఉన్ని టోపీ. కదలకుండా ఉన్నాడు. అమ్మ ఊపిరికి అద్దం మసకబారింది, చేతిరుమాలుతో తుడిచి మళ్లీ చూసింది. ఆవిడ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. పొద్దుట్నుంచి ఎదురుచూసే గంట అది, ఎవరికీ ఇవ్వని గంట. తలుపు తీస్తుంది, వెళ్లి వాడి తల నిమురుతుంది, ఏడుస్తుంది అనుకున్నాను. పిడి వదిలేసింది.

"విచారణ ఆఫీసు మూసేలోగా వెళ్లొస్తాను" అంది, నా వైపు చూడకుండా. "వాణ్ణి లేపకు."

కర్ర ఆనించుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే మళ్లీ అడుగులు వేసుకుంటూ, బురదమంచులో వెనక్కి నడిచింది.